వెనక ఎడమ స్పీకర్

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన పాముచెవులమ్మ రచ్చ గెలవడం కోసం ఆ ఆదివారం ఇంటిని పీకి పందిరేసింది.

ఆవిడ అసలు పేరు స్టూడియోలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. సినిమాలకి శబ్దాలు కలిపే పని ఆవిడది. మాటలు ఒకచోట, వాన ఒకచోట, అడుగుల చప్పుడు ఒకచోట రికార్డయి వస్తే, ఏది ఎంత ఉండాలో, ఏ మూల నుంచి రావాలో చూసి కలుపుతుంది. అవతలి గదిలో ఫ్యాను కిర్రుమన్నా "ఎవరక్కడ?" అని లేచేది కాబట్టి ఆ పేరు పడింది. వెక్కిరింపుగా పెట్టిందే అయినా ఆవిడ దాన్ని బిరుదులాగే మోసింది. కాదన్నవాళ్ళ పని ఆ రోజుకి అయిపోయినట్టే.

ఇరవై రెండేళ్ళు, స్టూడియోలో ఇదే పని చేసే పెద్దాయన కింద పనిచేసింది. కష్టం ఇద్దరిదీ, సినిమా చివర పేరు మాత్రం ఆయనదీ. ఆయన రిటైరయ్యాక ఇన్నాళ్ళకి ఒక సినిమా పూర్తిగా ఈవిడ చేతికొచ్చింది. డైరెక్టరుకి కూడా అదే మొదటి సినిమా. "మీ చెవి మీద నాకు నమ్మకం మేడమ్. పేరు మీదొక్కటే వేస్తాను" అన్నాడు. రెండు నెలలు తలుపులేసుకుని చేసింది. లోపలికి ఒక్కళ్ళని రానిస్తే ఒట్టు. తీరా వినిపించే వేళకి స్టూడియోలో పెద్ద గది పైకప్పు పెచ్చులూడింది, రిపేర్లు మొదలెట్టారు. సినిమా పంపాల్సిన గడువు సోమవారం పొద్దున్న.

"ఆఖరి ఇరవై నిమిషాలన్నా ఆరు స్పీకర్లలో వినకుండా సంతకం పెట్టలేను మేడమ్" అన్నాడు డైరెక్టరు. "నచ్చితే అక్కడికక్కడే పెట్టేస్తాను. నచ్చకపోతే మాత్రం ఇంకొకరిని చూసుకోవాలి. ఏమీ అనుకోకండి."

"ఆదివారం నాలుగింటికి మా ఇంటికి రండి సర్. మా కంప్యూటరుకే ఆరు స్పీకర్లూ తగిలించి ఉంచుతాను" అనేసింది ఆవిడ. అనడానికేం, నోరు మనదేగా.

అదీ కథ మొదలు. ఆదివారం పొద్దున్నే స్టూడియో స్టోరులోంచి ఐదు స్పీకర్లు, నేల అదిరే బాస్ పెట్టె ఒకటి, వీటన్నిటికీ శబ్దం పంచిపెట్టే నల్లటి రిసీవరు ఒకటి హాల్లోకి దిగాయి. సోఫాలో నుంచి అత్తగారిని లేపారు. ఆవిడ వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని, అక్కడి నుంచి పర్యవేక్షణ మొదలెట్టారు.

మొగుడు లిఫ్టు మెకానిక్. పన్నెండంతస్తుల మేడలో చీకటి గొట్టంలో వేలాడుతూ వైర్లు కలపగలడు గానీ, పెళ్ళాం పక్కన నిలబడితే స్క్రూడ్రైవరు కూడా జారిపోతుంది పాపం. టేపు పెట్టి కొలిచి స్పీకర్లు సర్దాడు. ముందు ఎడమ, ముందు మధ్య, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. సరిగ్గా నడిమధ్యన ఆవిడ చక్రాల కుర్చీ. కంప్యూటరు వెనక నుంచి రిసీవరుకి సన్నటి డిజిటల్ వైరు, చివర ఎర్రటి వెలుగొచ్చే రకం, లాగాడు.

మీట నొక్కారు. చడీ లేదు, చప్పుడూ లేదు.

"వైరు సరిగ్గా పెట్టారా?"

"పెట్టాను."

"పెట్టారా అని అడిగితే పెట్టానంటారు. చూడండి ఒకసారి."

చూశాడు. వైరు చివర దుమ్ము పడకుండా ఉండే బుల్లి టోపీ తియ్యలేదు. తీసి, ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. ఈసారి శబ్దమొచ్చింది. వచ్చింది గానీ ముందు ఎడమ, ముందు కుడి స్పీకర్లలోనే. తక్కిన మూడూ మూగనోము పట్టాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇందాకటి నుంచి ఆ పెట్టెని తిడుతున్నారేం?" అన్నారు అత్తగారు గడప దగ్గర నుంచి. ఆవిడ తిట్టేది కొడుకునో కోడలినో ఎవరికీ తేలలేదు.

ఇక సెట్టింగులతో కుస్తీ. కంప్యూటరు తెలివి ఎంతసేపూ ఆరింటిని కలిపి రెండు చేసి పంపడం మీదే ఉంది. సౌండు సెట్టింగులో డిజిటల్ అవుట్‌పుట్ ఎంచుకున్నారు, లాభం లేదు. రిసీవరు మీద రెండు గళ్ళే వెలుగుతున్నాయి. "ఆరు ఛానెళ్ళు అని ఎక్కడో ఉంటుంది, నొక్కండి" అంటుంది ఆవిడ. "ఉంటే కదా నొక్కడానికి" అంటాడాయన. "మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అంటుంది. చివరికి భోజనాలు కూడా మానేసి వెతగ్గా వెతగ్గా, వీడియో ఆడించే ప్రోగ్రాములో అడుగున దొరికింది ఒక చిన్న గడి. శబ్దాన్ని విప్పకుండా, ఉన్నదున్నట్టు రిసీవరుకే పంపమని దానర్థం. టిక్కు పెట్టారు.

రిసీవరు మీద ఆరు గళ్ళూ భళ్ళున వెలిగాయి. అయిదు వైపుల నుంచి, కింద నుంచి, ఉరుము ఉరిమినట్టు హాలంతా దద్దరిల్లింది. అత్తగారి చేతిలో గ్లాసు ఎగిరి నేలమీద పడింది.

"ఓరి నాయనో! ఇల్లు కూలిందట్రా?"

"లేదమ్మా, వచ్చింది!" అన్నాడు కొడుకు. పాముచెవులమ్మ చప్పట్లు కొట్టింది. ఇరవై అయిదేళ్ళ కాపురంలో మొగుణ్ణి అంత ప్రేమగా చూడటం అదే మొదటిసారేమో.

అప్పటికి రెండున్నర. ఇక మిగిలింది పరీక్ష ఒక్కటే. కుళాయిలో గాలి కొట్టినట్టు సర్ర్ మనే శబ్దం ఒకటుంటుంది. అది ఒక్కో స్పీకరు నుంచీ సమానంగా వస్తూ గుండ్రంగా తిరుగుతుంది. ఎక్కడైనా తగ్గితే ఆ స్పీకర్లో లోపమన్నమాట.

ఆవిడ నడిమి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. ముందు ఎడమ, సర్ర్. కాస్త తగ్గింది గానీ అటు కర్టెను ఉంది, పీల్చుకుంటుంది. ముందు మధ్య, సర్ర్. ముందు కుడి, వెనక కుడి, దివ్యంగా ఉన్నాయి. వెనక ఎడమకి వచ్చేసరికి ఎక్కడో పక్కింట్లో పంపు కారుతున్నట్టుంది.

"వెనక ఎడమ స్పీకరు పోయింది" అంది కళ్ళు తెరిచి.

"వస్తోంది కదా" అన్నాడు మొగుడు.

"వస్తే నాకు వినపడదా? మీరు లిఫ్టులు చూసుకోండి, శబ్దం సంగతి నాకొదిలెయ్యండి."

ఆయనేదో అనబోయి ఊరుకున్నాడు. వైరు మార్చాడు. తగ్గింది తగ్గినట్టే ఉంది. వెనక రెండు స్పీకర్లనీ అటుదిటు, ఇటుదటు మార్చాడు. కుడి పక్కకెళ్ళిన స్పీకరు గంటలా మోగింది, ఎడమకొచ్చింది నీరసించింది. "అయితే రిసీవరులోనే లోపం" అంది. రిసీవరు వెనక వైర్లు అడ్డంగా మార్చి చూశాడు. మళ్ళీ ఎడమే. "అయితే గోడే" అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మూడుంబావు అయింది. ఆవిడకి చెమటలు పోస్తున్నాయి. నాలుగింటికి మనిషి వస్తాడు. ఇరవై రెండేళ్ళకి వచ్చిన ఒక్క అవకాశం, వెనకనున్న ఈ ముదనష్టపు స్పీకరు వల్ల పోతుందా? విసురుగా కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకరుకేసి చూస్తూ కూర్చుంది. సర్ర్ మని మోగింది.

"వచ్చింది! వచ్చిందండీ! ఏం చేశారు?"

"నేనేం చెయ్యలేదు."

"ఏదో కదిపారు. అలాగే పట్టుకోండి." ముందుకి తిరిగింది. పోయింది. వెనక్కి తిరిగింది. వచ్చింది. కుర్చీ చక్రం కింద వైరు నలుగుతోందేమోనని వంగి చూసింది. వైరు రెండు అడుగుల అవతలుంది. వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు, ఇందాకటి దాకా గంటలా మోగిన వెనక కుడి స్పీకరు ఇప్పుడు నీరసించింది. కుడి గోడకేసి తిరిగితే ముందు కుడిది తగ్గింది. ఆవిడ ఎటు తిరిగితే లోపం అటు తిరుగుతోంది. ఎప్పుడూ ఎడమే.

ఆవిడ మెల్లిగా అరచెయ్యి ఎత్తి కుడి చెవి గట్టిగా మూసుకుంది.

హాలు మొత్తం ఆగిపోయింది. రిసీవరు మీద గళ్ళు వెలుగుతూనే ఉన్నాయి. బాస్ పెట్టె మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు వణుకుతూనే ఉన్నాయి. శబ్దం మాత్రం ఎక్కడా లేదు. ఎదురుగా మొగుడి పెదాలు కదిలాయి. గడప దగ్గర అత్తగారి పెదాలు కదిలాయి. గుండె గుభేలుమంది ఆవిడకి. ఆ గుభేలు కూడా ఒళ్ళంతా తెలిసింది తప్ప వినపడలేదు.

చెయ్యి తీసింది. సర్ర్ మని హాలు మళ్ళీ వచ్చిపడింది.

"ఏమన్నారు?"

"వస్తోంది అన్నాను" అన్నాడాయన. స్క్రూడ్రైవరు రెండు చేతుల్తో పట్టుకుని, దొంగకి తేలు కుట్టినట్టు నేలకేసి చూస్తున్నాడు. ఆ చూపు చూసేసరికి ఆవిడకి ఇంకొకటి అర్థమైంది.

"మీకు తెలుసు!"

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది. రోడ్డు మీద ఎడమ పక్క నుంచి బండి హారను కొడుతుంటే నువ్వు జరగలేదు. అప్పటి నుంచి నేనే ఎడమ పక్క నడుస్తున్నాను. మాట్లాడాలంటే మాత్రం కుడి పక్కకి వస్తున్నాను."

నిజమే. మంచం మీద పక్కలు మార్చింది అందుకా? ఫ్యాను గాలి పడట్లేదన్నాడు అప్పుడు. ఫోను తను ఎప్పుడూ కుడి చేత్తోనే ఎందుకు తీస్తోంది? ఎడం చేత్తో పట్టుకుంటే అవతలివాళ్ళు గొణుగుతున్నారని విసుక్కోవడం గుర్తొచ్చింది. ఎంతమందిని తిట్టింది, గట్టిగా మాట్లాడండి అని!

"చెప్పి చావొచ్చు కదండీ!" ఆవిడ గొంతు కీచుమంది. "రెండేళ్ళు! నా చెవి గురించి నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసా?"

"చెబితే నీ పని ఏమవుతుందోనని భయమేసింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. నీకు ఆ చెవులంటే ఎంత గర్వమో నాకు తెలీదా?"

అత్తగారు గోడ పట్టుకుని లేచి వచ్చారు. ఆవిడ మొహం తెల్లబోయింది. "నాకు తెలీదే అమ్మాయ్, ఒట్టు. నేను టీవీ చూసేటప్పుడు నీ ఎడం పక్కనే కూర్చుంటానా? నోటికొచ్చినవన్నీ అంటూనే ఉన్నాను ఈ రెండేళ్ళూ. ఒక్కదానికీ తిరిగి మాటనలేదు నువ్వు. నా కోడలు బంగారం, ఎన్నన్నా నోరెత్తదు అని వీధి వీధంతా చెప్పుకున్నానే!"

ఇంకోరోజైతే ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. పాముచెవులమ్మ మాత్రం ఉన్నట్టుండి కంప్యూటరు వైపు తిరిగింది, దెయ్యం పిలిచినట్టు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి ఒక పద్ధతుంది. ఏ శబ్దం ఎంతుందో చూపించే మీటరు మీద అట్టముక్క అంటించేస్తారు. "వినేవాడికి మీటరుండదు, చెవులుంటాయి. చూసి కలిపేవాడు నా గదిలోకి రావద్దు" అనేవాడాయన. అందుకని స్టూడియోలోనూ అట్టే, ఇంట్లో తెర అడుగునా అట్టే, చెప్పుల పెట్టెలోంచి కత్తిరించింది. లోకంలో ఇంకెవరైనా అయితే రెండు నెలల్లో ఒక్కసారన్నా మీటరు కేసి చూసేవాళ్ళు. ఈవిడ చూడలేదు. చూడటం పరువు తక్కువ.

గోటితో అట్ట పీకింది. సినిమా ఆఖరి సీను తెరిచి ఆడించింది.

ఎడమ గీతలు రెండూ ఎర్రగా ఉన్నాయి. ముందు ఎడమ, వెనక ఎడమ, రెండూ కొస దాకా నెత్తురు కక్కుతున్నాయి. కుడివి పాపం పచ్చగా, సగం కూడా లేవు. రెండు నెలలు తనకి వినపడని పక్కని పెంచుకుంటూ, పెంచుకుంటూ, సమానమైందనుకుని ఆగింది. సినిమా మొత్తం.

గడియారం కేసి చూసింది. టైము మూడు ముప్పై అయిదు.

ఇక్కడే బుద్ధి వంకరగా పోయింది, ఎవరికైనా పోతుంది. మీటరు కనబడుతోంది కదా. ఎడమ గీతల్ని కిందికి లాగి, కుడివాటితో సమానం చేస్తే చాలు. చకచకా లాగింది. ఇరవై నిమిషాల ముక్కని కొత్తగా కట్టి, పాత ఫైలు పక్కనే పెట్టింది. మొగుడు చూస్తూ నిలబడ్డాడు. బెల్లు మోగేసరికి మొహం కడుక్కుని, చీర సర్దుకుని, తలుపు తీసింది.

డైరెక్టరుని నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. సినిమాలో ఆఖరి సీను వాన. ఒక తల్లి పాత ఇల్లు ఖాళీ చేస్తూ, ఒక్కో గదీ తాళం వేస్తూ వస్తుంది. వాన చుట్టూ పడుతుంది. ఇరవై నిమిషాలూ అతను కదలకుండా విన్నాడు. అయ్యాక కళ్ళు తుడుచుకున్నాడు.

"అద్భుతం మేడమ్. సంతకం పెట్టేస్తాను. ఒక్క చిన్న అనుమానం. మూడో గదిలో, వెనక ఎడమ నుంచి చనిపోయిన కూతురి గొంతు 'అమ్మా' అని వస్తుంది కదా. అది చాలుతుందా, ఇంకా పెంచాలా? నా సినిమా అంతా అదే. మీ చెవి ఏమంటే అదే నాకు వేదం."

"చాలు సర్" అంటే అయిపోయేది. రెండక్షరాల మాట. పేరు తెర మీద పడిపోయేది.

"నాకా గొంతు వినపడలేదు సర్" అంది. "నా ఎడమ చెవి పనిచెయ్యట్లేదు. ఇవాళ మూడున్నర దాకా ఆ సంగతి నాకే తెలీదు. మీరిప్పుడు విన్నది గీతలు చూసి సరిచేసింది. చెవితో చేసింది కాదు."

డైరెక్టరు నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"మరి... చెవితో చేసింది?"

"ఉంది. ఈ రెండు నెలలూ చేసింది అదే."

"అది పెట్టండి."

"వద్దు సర్."

"పెట్టండి మేడమ్. నేను వినాలి."

పాత ఫైలు పెట్టింది. అతన్ని లేపి, ఈసారి నడిమి కుర్చీలో తనే కూర్చుంది. వాన మొదలైంది. ఎంత బాగుందని! నాలుగు మూలలా సమానంగా, గొడుగు కింద నిలబడ్డట్టు చుట్టూతా కురిసింది. తాళం చప్పుడు ముందు నుంచి వచ్చింది, తల్లి నిట్టూర్పు పక్క నుంచి వచ్చింది. మూడో గదిలో, వెనక నుంచి, చెవి దగ్గరికొచ్చి పిలిచినట్టు సన్నగా "అమ్మా" అంది పాప. ఆవిడ ఒళ్ళు జలదరించింది. ఇంత పని తను చేసిందా అనిపించింది.

తల తిప్పి చూసింది. డైరెక్టరు రెండు చెవులూ మూసుకుని గోడకి ఆనుకున్నాడు, మొహం నొప్పితో వంకర పోయింది. అత్తగారు కొంగు చెవుల్లో కుక్కుకున్నారు. మొగుడు స్పీకరుకీ తల్లికీ అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా" అన్న ఆ మాటకి కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. ఎవరూ ఆపమనలేదు. ఆవిడ మొహం చూసి అనలేకపోయారు.

ఆవిడే ఆపింది.

"మేడమ్" అన్నాడు డైరెక్టరు, కాస్త తేరుకుని, కుడి పక్కకి వచ్చి నిలబడి. "మీకెలా వినపడింది?"

"చాలా బాగుంది సర్" అంది. కళ్ళ నుంచి నీళ్ళు జారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. అందుకే చెబుతున్నా. ఇంకొకరిని పిలవండి."